ఫ్రాంటిక్ అంటే

ఫ్రాంటిక్, ఈ మాట ఎక్కడో విన్నదే అనుకుంది స్వరూప, కొత్తకోటలో ఎక్కిన బస్సు అడ్డాకల్ దాటుతోంది, విచారణలో ఇంగ్లిషు కాగితాలేమైనా ఇస్తే చదివి చెబుతుందని వెంట తెచ్చుకున్న కూతురు నిహారిక పక్క సీట్లో పరీక్షకు మాటలు వల్లె వేస్తోంది, ఏం మాటనే బిడ్డా గది అంటే, ఫ్రాంటిక్ అమ్మా, అంటే ఆగమాగం, భయంతోని ఏం చేస్తున్నమో తెల్వకుంట ఉరుకుడు, అంది పిల్ల తల ఎత్తకుండానే, అప్పుడు గుర్తొచ్చింది, మందుల ఫ్యాక్టరీలో మంటలంటుకుని పెనిమిటి దశరథ్ పోయిన పదకొండోనాడు మేనేజరు ఏదో కాగితం గబగబా చదివాడు, దశరథ్ పేరు పక్కనే ఈ మాట వినబడింది, మంచి మనిషి అనే మాటేమో అనుకుంది, సంతకం పెట్టమ్మా, ఫికర్ జెయ్యకు, మామూలు కాగితమే అన్నారు, పెట్టింది.

ఆగమాగమా, దశరథా, కళ్లముందే బస్సు కదిలిపోతున్నా ఇంకోటొస్తది తియ్ అని నిమ్మళంగా చాయ్ తాగే మనిషి, పెళ్లిపీటల మీద కూడా జర జల్ది కానియ్యి నాయినా అని అయ్యగారి చేత అనిపించుకున్న మనిషి, అంటే తప్పు ఆయనదేనని, ఆయన బెదిరి ఉరకబట్టే మంట లేచిందని రాసుకున్నారన్నమాట, దాని కింద ఉన్నది తన సంతకం, తన చేత్తో తనే, ముందు సీటు కడ్డీ పట్టుకుంది, ఇంకాసేపట్లో జడ్చర్లలో విచారణ సారు అడుగుతాడు ఈ సంతకం నీదేనా అని, అర్థం తెల్వక పెట్టిన సారూ అంటే నమ్ముతాడా.

కానీ నాగేందర్, దశరథ్‌తో ఒకే షిఫ్టులో పనిచేసినవాడు, దవాఖాన మంచం మీద కట్లలోంచి చెప్పలేదా, వదినా, అన్న నన్ను గేటు కాడికి గుంజుకొచ్చి పండవెట్టి మల్ల ఉరికిండు, వద్దే అని మొత్తుకున్న, ఇంకిద్దరు ఇరుక్కున్నర్రా అన్నడు, ఆ పరుగు ఆమె ఎన్నడూ చూడలేదు, ఇప్పుడు కళ్లకు కడుతోంది, చెప్పు ఒకటి జారిపోయినా చూసుకోకుండా, పొగలోకి, ఒంటి మీద తెలివి లేకుండా, ఆగమాగం, అవును ఆగమాగమే.

ఏమైందే అమ్మా, అంటోంది నిహారిక పుస్తకం మూసి, స్వరూప బిడ్డ చెయ్యి గట్టిగా పట్టుకుంది, ఆ మాట కొట్టెయ్యమని అడగదు, ఆ మాట నిజమే, మా ఆయిన ఉరికిండు సారూ, ఆగమాగమే ఉరికిండు, బయటికి గాదు, లోపలికి.