తెరేసమ్మ చెప్పని పేరు

కంకిపాడు దగ్గర కాలవ గట్టు మీద నడక దారి వేసి ఏడాదయింది. కిలోమీటరు పొడవునా ఎగుడుదిగుడు లేకుండా టైల్సు పరిచారు. మెట్లు ఉండాల్సిన చోట వాలు కట్టారు, చక్రాల కుర్చీ ఇట్టే ఎక్కుతుంది. నీళ్ళ వైపు రెయిలింగు, అక్కడక్కడా బెంచీలు, ఏ పిట్ట ఏదో చెప్పే బొమ్మల బోర్డులు. పిట్టలకు చదువు రాదు కాబట్టి ఆ బోర్డుల మీదే వాలి రెట్ట వేస్తుంటాయి.

బాలశౌరికి ఈ గట్టు కొత్త కాదు. ఇరిగేషన్‌లో లస్కరుగా ముప్పై నాలుగేళ్ళు ఇక్కడే బురదలో, తుమ్మ ముళ్ళలో తిరిగాడు. షట్టర్లు ఎత్తడం, దించడం, గట్టుకు గండి పడకుండా కాపలా కాయడం ఆయన పని. రిటైరై పదకొండేళ్ళయినా కాలవ కనబడితే చాలు, కళ్ళు ముందు నీటిమట్టం కొలిచే రాయి మీదికే పోతాయి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఆయనకు ఉద్యోగంతో వచ్చిన బుద్ధి కూడా పోలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే భార్య తెరేసమ్మను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి ఆ దారి వెంట తోసుకెళ్తాడు. ఆవిడకు మోకాళ్ళు ఎప్పుడో పోయాయి. రెండేళ్ళుగా మతి కూడా కొంచెం కొంచెంగా పోతోంది. మొదట్లో కూరలో రెండుసార్లు ఉప్పు వేసేది. తర్వాత కన్నకొడుకు జోయెల్‌ను చూసి, కరెంటు బిల్లు తీయడానికి వచ్చిన కుర్రాడనుకుని గుమ్మంలోనే నిలబెట్టింది. కొడుకును మర్చిపోయిన మనిషి తననెప్పుడు మర్చిపోతుందోనని బాలశౌరికి లోలోపల ఒకటే దడ.

విజయవాడలో డాక్టరు గారు ఆయన్ను చూపించి, "ఈయన పేరేంటమ్మా?" అని అడిగారు. తెరేసమ్మ తల దించుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరు గారు కాగితం మీద ఏదో రాయబోతుంటే బాలశౌరికి ఒళ్ళు మండింది.

"మర్చిపోయిందని రాయకండి. మా ఆవిడ నా పేరు చెప్పదండీ, అంతే."

అది నిజం. మొగుడి పేరు నోటితో అంటే ఆయన ఆయుష్షు తగ్గుతుందని వాళ్ళమ్మ చెప్పిన మాట ఆవిడకు సువార్తతో సమానం. గుడిలో పెళ్ళినాడు ఫాదరు గారు ప్రమాణం చేయించినప్పుడు, పేరు దగ్గరికొచ్చేసరికి పెదవులు కదిలాయే గాని, పక్కనున్న పెళ్ళికొడుక్కి కూడా వినపడలేదు. రేషను కార్డు వాళ్ళొస్తే గోడ మీది పునీత శౌరివారి పటం చూపించి, "ఆ స్వామి పేరేనండీ, ముందు బాల అని పెట్టుకోండి" అనేది. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చినా పిలిచేది కాదు. వంతెన మీద నిలబడి క్యారేజీ మూత మీద గరిటెతో టకటకా కొట్టేది. "ఒక్కసారి పేరు పెట్టి పిలిస్తే నీ సొమ్మేం పోయింది?" అని ఆయన నలభై ఆరేళ్ళు ఏడిపించాడు. ఆవిడ నలభై ఆరేళ్ళూ నవ్వి ఊరుకుంది.

ఆ పంతమే ఇప్పుడు ఆయనకు మిగిలిన ధైర్యం. గట్టు మీది వాలు ఎక్కగానే రోజూ కుర్చీ ముందుకొచ్చి నిలబడి, "ఏమే, నా పేరు చెప్పు" అంటాడు. ఆవిడ తల దించుకుంటుంది. చెప్పడం లేదంటే మొగుడని తెలుసన్నమాట. హమ్మయ్య అనుకుని మళ్ళీ కుర్చీ తోస్తాడు.

జూన్ నెలాఖరులో కాలవకు నీళ్ళు వదిలారు. ఎండాకాలమంతా నెర్రెలిచ్చి పడున్న కాలవలో ఎర్రటి కొత్త నీరు గుర్రపుడెక్కను తోసుకుంటూ వచ్చింది. దాన్ని చూసిన సంబరంలో బాలశౌరి ఆ పొద్దున వాలు దగ్గర అడగాల్సింది అడగడం మర్చిపోయాడు. నేరుగా దారి చివర షట్టర్ల దాకా తోసుకెళ్ళి, కుర్చీకి బ్రేకు వేసి, రెయిలింగు మీద వంగి కొలత చూశాడు.

"నాలుగడుగులు దాటిందే. ఈ ఏడు ఊడుపులు తొందరగానే పడతాయి."

వెనక్కి తిరిగితే తెరేసమ్మ ఒళ్ళో చేతులతో ఏదో వెతుక్కుంటోంది. నీళ్ళ హోరు వింటున్నకొద్దీ మొహంలో కంగారు పెరుగుతోంది. ఆయన దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకోబోతే ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుని, పమిట భుజం నిండా కప్పుకుంది.

"బాబూ, మీరెవరో గాని, ఒక్క సాయం చేసి పెట్టండి. మా ఆయన ఆ షట్టర్ల దగ్గరున్నారు. అన్నం వేళయినా రాలేదు. కాస్త పిలవండి."

"తెరేసా, నేనేనే. ఇదిగో, ఇక్కడే ఉన్నా."

ఆవిడ బెదిరి మొహం తిప్పుకుంది. పరాయి మగాడు పేరు పెట్టి పిలిస్తే ఏ ఆడమనిషైనా అలాగే బెదురుతుంది. బాలశౌరి వంగి బ్రేకు తియ్యబోయాడు, ఇంటికి తీసుకుపోదామని. ఆవిడ రెండు చేతులూ జోడించింది.

"మీకు పుణ్యముంటుంది బాబూ, పిలవండి. నీళ్ళు మరీ ఎక్కువగా ఉన్నాయి. ఆయనకి ఈత రాదు."

ఈత రాని సంగతి ఆయన డిపార్టుమెంటులో ఎవరికీ చెప్పలేదు. పెళ్ళాం ఒక్కదానికే చెప్పాడు.

గొంతు సవరించుకుని, పరాయివాడిలాగే నాలుగడుగులు దూరంగా జరిగి నిలబడ్డాడు. "ఏమని పిలవమంటారమ్మా? ఆయన పేరేంటి?"

తెరేసమ్మ అటూ ఇటూ చూసింది. చూపించడానికి గోడా లేదు, పటమూ లేదు. కొంగు నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

"చెప్పకూడదు గాని, ఏం చెయ్యను? బాలశౌరండీ."

నలభై ఆరేళ్ళు అడిగిన పేరు చెవిన పడింది. వినకుండా పోయినా బాగుండుననిపించింది బాలశౌరికి. కళ్ళు తుడుచుకుని రెయిలింగు పట్టుకున్నాడు. షట్టర్ల వైపు తిరిగి, తన పేరు తనే పెట్టి పిలిచాడు.

అటునుంచి నీళ్ళ హోరు తప్ప ఏమీ లేదు.

"ఇంకొంచెం గట్టిగా పిలవండి బాబూ" అంది తెరేసమ్మ, ఒళ్ళో లేని క్యారేజీని రెండు చేతులతో సర్దుకుంటూ. "ఈ చప్పుడులో ఆయనకి వినపడదు."

బాలశౌరి మళ్ళీ పిలిచాడు.