పై రెండు వేళ్ల మందం

ఆరిన మట్టిని చెక్క రోట్లో నెమ్మదిగా దంచి, నైలాన్ జల్లెడలో పోసి ఆడిస్తోంది ఆవిడ. ఇత్తడి జల్లెడ పనికిరాదు. దాని లోహమే మట్టిలో కలిసి అబద్ధం చెబుతుంది. జల్లెడతో పాటు మోచేతి దగ్గర వదులైన చర్మమూ ఊగుతోంది. గోళ్ల సందుల్లో నలుపు ఎంత తోమినా పోనిది. మట్టిలో విషలోహాలు ఏ మేరకు ఉన్నాయో తేల్చడం ఆవిడ ఉద్యోగం. సీసం సంగతి వస్తే మరీ పట్టింపు కాబట్టి ఆఫీసులో అందరూ వెనకాల సీసమ్మ అంటారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. పాదరసమ్మ అనలేదు, నయమే అనుకుని ఊరుకుంది.

గొప్ప శాస్త్రవేత్తేం కాదు. పేరున్న పత్రికలో ఒక్క వ్యాసమూ రాలేదు. మొదటి పదకొండేళ్లు ఎరువుల విభాగంలో పొలాల మట్టి చూసింది, తర్వాత ఇక్కడికి మార్చారు. "ముప్ఫై ఏళ్లు చేసి నువ్వు ఇంటికి తెచ్చింది చెప్పుల కింద మట్టే" అంటాడు భర్త, ఆ చెప్పులు తనే కడిగి ఎండలో పెడుతూ. ఇంకో వారంలో రిటైరవుతుంది.

జూనియర్ అమ్మాయి కాగితం పట్టుకుని లోపలికొచ్చింది.

"మేడమ్, తిట్టకండి. ఆ చంటిపిల్లల బడి మట్టితో పాటు చెత్త సంచీ కూడా మిషన్‌కి ఎక్కించేశాను."

మట్టి తీసేముందు నేల మీద రెండు వేళ్ల మందం గీకి పారేయాలి. ఎరువుల విభాగంలో మొదటిరోజు నేర్పేది అదే. పంటకి కావలసింది వేళ్లుండే లోతు మట్టి, పైదంతా చెత్త. ఈసారి ఆవిడ మోకాలి నొప్పితో గీకినదాన్ని దూరంగా విసరలేక పక్కనున్న పట్టా మీద వేసింది. జూనియర్ దాన్నీ మూటకట్టి, పైన "చెత్త" అని రాసింది.

లోపలి మట్టిలో సీసం కిలోకి ముప్ఫై ఎనిమిది మిల్లీగ్రాములు. చెత్త సంచీలో వెయ్యీ నూట ఎనభై. పిల్లలు ఆడేచోట రెండు వందలు దాటకూడదు.

రెండోసారి చేయించింది. మూడోసారి తనే కూర్చుని చేసింది. అంకె పెద్దగా మారలేదు. ఆ బడి పక్కన సీసం కోసం పాత బ్యాటరీలు పగలగొట్టి కరిగించే షెడ్డు ఉండేది, ఈమధ్యే మూసేసి మట్టి మళ్లీ చూడమన్నారు. దాని పొగా దుమ్మూ పడ్డది నేల పైనే కదా! సీసం అంత సులువుగా కిందికి దిగదు. ఈ మాట తెలియక కాదు, ఎందరికో పాఠం చెప్పింది కూడా. చేతికి మాత్రం పాత అలవాటే తెలుసు. నాలుగేళ్ల కిందట ఆ నేల శుభ్రమని రాసిచ్చింది తనే. విషం గీకి పారేసి మిగిలినదానికి సంతకం పెట్టింది.

పెద్దాఫీసరు కాగితం చూసి కళ్లజోడు తీశాడు.

"వారంలో వెళ్లిపోతున్నారు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకమ్మా? చెత్త సంచీ లెక్కలోకి రాదని రాసెయ్యండి."

"గీకి పారేసింది నా చెయ్యే సార్."

"అయితే మీ పాత రిపోర్టుల మాటేంటి?"

"నూట నాలుగున్నాయి. అన్నీ మళ్లీ చెయ్యాలని రాశాను."

ఆవిడ సంతకం చేసిన ఉత్తరం బల్ల మీద పెట్టి, మధ్యాహ్నం బడికి వెళ్లింది.

బడంటే పెద్దదేం కాదు. ఒక ఆయమ్మ అద్దె ఇంటి పెరట్లో తొమ్మిదిమంది పిల్లల్ని చూసుకుంటుంది. అందులో ఒకర్తె ఆమె మనవరాలు.

"నాదే పొరపాటమ్మా. ఈ నేలలో విషం ఉంది. పిల్లల్ని ఇవాళే పంపించెయ్యాలి."

ఆయమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గోడకి తగిలించిన కాగితం వైపు చూసింది.

"మీరిచ్చిందే కదా అది! అది చూసే కదా తల్లులు పిల్లల్ని దింపి వెళ్తున్నారు. ఇప్పుడొచ్చి మా నోట్లో మట్టి కొడతారేంటి!"

"నాలుగేళ్ల కిందటే కొట్టానమ్మా" అంది ఆవిడ.

ఆయమ్మ మనవరాలి వైపు చూసింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"మా దానికి నాలుగేళ్లు దాటాయి. రెండు మాటలు కలిపి మాట్లాడదు. మేనత్త పోలికేమో, అదీ ఆలస్యంగానే మాట్లాడింది అనుకుంటున్నాను. దీనివల్లేనా?"

ఆవిడ కాదనబోయి, సంచీలోంచి చీటీ తీసింది.

"రక్తం పరీక్ష చేస్తే తెలుస్తుంది. ఆస్పత్రికి చీటీ తెచ్చాను."

కబురందుకున్న తల్లులు ఒక్కొక్కరే వచ్చారు. ఒకామె ఏడ్చింది, ఒకామె తిట్టింది. ఆవిడ రెండూ నిలబడి విన్నది. చివరికి ఆయమ్మ మనవరాలి మూతి తన చెంగుతో గట్టిగా తుడిచి, చంకనేసుకుని, చీటీ పిడికిట్లో పట్టుకుని వెళ్లిపోయింది. గేటు వెయ్యను కూడా లేదు.

పెరట్లో ఆవిడ ఒక్కర్తే మిగిలింది. నొప్పి మోకాలు నేలకి ఆనించి, పైపైన రెండు వేళ్ల మందం గీకి, ఏదీ విసరకుండా సంచీలో వేసుకుంటూ గోడ దాకా జరిగింది. అక్కడ విరిగిన పలక మీద వరసగా ఐదు మట్టి రొట్టెలు ఆరుతున్నాయి. చివరిదాని అంచున ఓ ముక్క లేదు, అక్కడ చిన్న చిన్న పళ్ల గాట్లు.