రావల్కోల్‌ల ఇద్దరు ఇస్తారిలు

నాకు కోపం జల్దీ వస్తది, దాసుకునుడెందుకు. ఆ దినం పొద్దుగాల్నుంచే ఉడికిపోతున్న. అంతా మా పట్టాభిరామయ్య సార్ పుణ్యమే.

అల్వాల్‌ల మాది మ్యాపుల ఆఫీసు. మేడ్చల్, శామీర్‌పేట దిక్కు ఊళ్లల్ల కరెంటు స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు ఏడేడ ఉన్నయో చెప్పే పాత బొమ్మలను, ఫోన్ల కనబడే కొత్త మ్యాపులుగ మార్చుడు మా పని. రావల్కోల్ మ్యాపు నేనే మార్చిన. మార్చినంక ఎట్ల మార్చినం, ఏ వివరం ఏడికెళ్లి తెచ్చినం, అంతా రాసి పెట్టాలె. రాసేటప్పుడే తప్పులు బయటపడ్తయ్. అందుకే ముందుగాల రాద్దాం సార్ అన్న. ఇన్నడా? "ముందు పంపించెయ్యమ్మా ప్రిస్కిల్లా, రాతకోతలు తర్వాత" అన్నడు. మ్యాపు పోయి లైన్‌మెన్ల ఫోన్లల్ల కూసున్నది. ఇప్పుడేమో రాతకోతలు మధ్యాహ్నం లోపల కావాలెనట!

పటపట పండ్లు కొరుక్కుంట రాస్తున్న. మా తమ్ముడు ఎలీషా ఫోన్ జేసిండు. వాడు లైన్‌మెన్. మొన్నమొన్నటి దాంక నాగారంల చేసిండు, గిప్పుడే రావల్కోల్‌కు ఏసిండ్రు.

"అక్కా, ఇస్తారి ట్రాన్స్‌ఫార్మర్ కాడ తీగ తెగిందట. గీ ఊరు నాకు కొత్త గదా, మ్యాపుల జూసిన. బాయిల లైన్ అని సూపెట్టింది. సబ్‌స్టేషన్‌కు చెప్పి బాయిల లైన్ బందు పెట్టిచ్చిన. ఇగ స్తంభం ఎక్కుడే."

"పైలంరా. ఎండ మస్తున్నది, తలకు తువ్వాల కట్టుకో."

"సరే తియ్ అవ్వా" అని ఎక్కిరించి పెట్టేసిండు.

మళ్ల రాతల వడ్డ. రావల్కోల్‌ల రెండు లైన్లు. ఒకటి బాయిలది, పొలాల మోటర్లకు. రెండోది ఊరిది. ఒక్కొక్క లైన్ మీద పాత బొమ్మల ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్లుండె, కొత్త మ్యాపుల ఎన్నున్నయ్ అని సరిజూసి రాయాలె. జూస్తె ఊరి లైన్ మీద ఒకటి తక్కువైంది. బాయిల లైన్ మీద ఒకటి ఎక్కువైంది. ఇదేంది?

ఎతికిన. దొరికింది. దొరికినాంక నా పై పానం పైకే పోయింది.

ఆ ఊళ్లె ట్రాన్స్‌ఫార్మర్‌ను నంబరు వెట్టి ఎవ్వరు పిలువరు. రంగు పోయి నంబర్లు కనబడయి గూడ. ఎవరి చెల్కల ఉంటె వాళ్ల పేరే దానికి. బాలనర్సమ్మ ట్రాన్స్‌ఫార్మర్, ఇస్తారి ట్రాన్స్‌ఫార్మర్, గట్ల. పాత కాయితాలల్ల గూడ గా పేర్లే ఉన్నయ్. అందుకని పేరును వట్టి ఏది ఏ లైన్‌దో జతజెయ్యమని కంప్యూటర్‌కు చెప్పిన. ఊళ్లె ఇస్తారిలు ఇద్దరున్నరు. ఒకలది పొలాల నడుమ పారే ఒర్రె కాడ, ఒకలది కోళ్లఫారం కాడ. కంప్యూటర్ మొదటి ఇస్తారిని జూసింది, రెండోదానికి గూడ అదే లైన్ రాసి పారేసింది. రెండు బాయిల లైనే అని సూపెడ్తాంది. కోళ్లఫారం కాడిది ఊరి లైన్. ఊరి లైన్‌ల కరెంటున్నది.

మరి ఎలీషా ఏ ఇస్తారి కాడున్నడు?

ఫోన్ కొట్టిన. మోగుతాంది, ఎత్తుతలేడు. ఎక్కేముందు ఫోన్ బండి డిక్కిల వెట్టి ఎక్కుతడు, నాకు తెల్సు. మళ్ల కొట్టిన. యేసయ్యా, ఒర్రె కాడ ఉండాలె, ఒర్రె కాడనే ఉండాలె.

సబ్‌స్టేషన్‌కు కలిపిన. బక్కయ్య అని ఆపరేటర్, మ్యాపు పనిల రెండు మూడు మార్లు మాట్లాడిన మనిషే.

"అన్నా, ఊరి లైన్ గూడ బందు వెట్టు. జల్దీ!"

"ఊరి లైనా? ఎవలు జెప్పిండ్రమ్మా? గీ ఎండల ఫారాలల్ల ఫ్యాన్లు ఆగితె కోళ్లు సస్తయ్. ఓనర్లు వచ్చి నా మీద వడ్తరు. ఉండు, మా సార్‌నడిగి చెప్త."

"నువ్వు సార్‌నడిగేలోపట మా తమ్ముడు మాడిపోతడన్నా! మ్యాపుల తప్పున్నది. వాడు ఎక్కింది ఊరి లైన్ స్తంభమేమో!"

నా అరుపుకు పట్టాభిరామయ్య సార్ ఉరికొచ్చిండు. "ఫోన్ పెట్టెయ్ ముందు! మన ఫైల్లో తప్పుందని మనమే చాటింపు వేసుకుంటామా?"

"సార్, మీరు నోరు ముయ్యుండ్రి!"

నాకు అప్పుడు సిగ్గు లేదు, శరం లేదు. ఫోన్‌ల ఏడ్సుకుంట తిట్టిన. "అన్నా, నా పేరు రాస్కో. ప్రిస్కిల్లా బందు వెట్టమన్నదని జెప్పు. కోళ్లు సస్తె నా మీదికి పంపు. నీ కాళ్లు మొక్కుత, ముందుగాల బందు వెట్టు, తర్వాత అడుగు!"

అవతల కుర్చీ జరిగిన సప్పుడు. తర్వాత ధన్‌మని ఇంకో సప్పుడు.

"తీసిన తల్లీ. రెండు లైన్లు సల్లవడ్డయ్."

సల్లవడ్డయ్ సరే. ఎలీషా ముట్టినంక సల్లవడ్డయా, ముట్టకముందా? గది ఎవలు చెప్పాలె? వాని నంబరుకు కొట్టుకుంటనే ఉన్న. సార్ ఎదురుంగ నిలవడి ఏందేందో అంటున్నడు, నా చెవులకు ఎక్కుతలేదు. మోగి మోగి ఆగిపోతాంది. మళ్ల కొడ్తున్న. ఇంటికాడ అమ్మకు ఏం చెప్పాలె అన్న ఆలోచన గూడ వచ్చింది, పాడు ఆలోచన.

ఫోన్ మోగింది. వాడే.

"ఏందక్కా గిన్ని ఫోన్లు? కొంపలు మునిగినయా?"

"ఏ ఇస్తారి కాడున్నవ్‌రా?"

"కోళ్లఫారం కాడ."

"తీగ ముట్టినవా?"

"ముట్టవోతుంటెనే ఫారం ఫ్యాన్లన్ని ఒక్కసారే ఆగినయ్. బాయిల లైన్ బందు వెట్టి గంతసేపాయె, ఇప్పుడు ఇవెందుకు ఆగినయని అనుమానమొచ్చి దిగిన. ఏమైంది, ఏడుస్తున్నవా?"

"మ్యాపు తప్పురా. అది ఊరి లైన్. నువ్వెక్కినప్పుడు దాంట్ల కరెంటున్నది."

ఫారంల కోళ్ల లొల్లి ఇనవడుతాంది.

"అక్కా" అన్నడు ఆఖరికి. "ఎవ్వడు బందు వెట్టిన అని చెప్పినా నేను నమ్మేటోన్ని గాదు. ముట్టేముందు తీగల మీదికి ఇనుప చైన్ ఇసురుత. కరెంటుంటె అక్కన్నే పేలుతది, మనకు తెలుస్తది. ఇన్నేండ్లల్ల ఒక్కనాడు గూడ ఇసరకుండ ముట్టలే."

"మరి ఇయ్యాల ఇసిరినవ్ గదా?"

"ఇసరలేదక్కా. మ్యాపు జేసింది నువ్వు గదా అని."