గుమ్మంలో మోగిన స్వరం

కజకిస్తాన్‌లోని తరాజ్ బజారులో పాటల క్యాసెట్లు అమ్మే రైఖాన్ కొట్టు ముందు సెయిల్‌ఖాన్ వచ్చి నిలబడ్డాడు. ఆమె తండ్రి రెండు తీగల దొంబ్రా మీద కట్టిన స్వరాన్ని, ఆయన పోయాక తనదేనని రేడియోలో వాయించి బిరుదు కొట్టేసిన మనిషి.

"నా అరవయ్యో పుట్టినరోజు చెల్లీ. అదిరిపోయే పాటలు నువ్వే చెప్పాలి."

రైఖాన్ నవ్వుతూ క్యాసెట్లు తీసింది. "కుర్రాళ్లకి ఈ రష్యన్ రాక్ పెట్టండి, బల్లలెక్కి గంతులేస్తారు. ఆడవాళ్లకి ఉజ్బెక్ డప్పుల పాట. పలావు వడ్డించేటప్పుడు ఈ అకార్డియన్."

"మరి నేను లోపలికొచ్చేటప్పుడు?"

ఆమె అడుగు అరలోంచి పాత దొంబ్రా క్యాసెట్ తీసింది. "ఇది మోగితే పెద్దవాళ్లు కూర్చోలేరన్నా, లేచి నిలబడతారు."

ఆయన కాసేపు విని తలూపాడు. "నా నడకకి సరిపోయింది."

వేడుకలో ఆ స్వరం మోగగానే పెద్దలంతా నిజంగానే లేచారు. టీ గిన్నెలు దించి, అరచేతులు చాచి ప్రార్థన మొదలుపెట్టారు. నోటితో చెప్పలేని చావు కబురును పోయినవాళ్ల ఇంటి గుమ్మంలో దొంబ్రా మీద వినిపించే స్వరం అది. ఓ ముసలమ్మ శోకాలు కూడా అందుకుంది.

"ఎవరు పోయారయ్యా?" అని ఒక తాత అడిగాడు. సెయిల్‌ఖాన్ కూడా ఎవరు పోయారా అని చుట్టూ చూశాడు.

"దొంబ్రా నీ చేతుల్లోనే పుట్టిందన్నావు. చావు కబురు కూడా గుర్తుపట్టలేవా?" అన్నాడు తాత.

మూల బల్ల దగ్గర రైఖాన్ తీరిగ్గా పలావు ముద్ద మింగింది.

"మా నాన్న పోయిన రోజు మా గుమ్మంలోనూ ఇదే మోగింది తాతా. వినే తీరిక ఈయనకెక్కడిది? లోపల నాన్న టేపులు ఏరుకుంటున్నాడు."