తెడ్డు పట్టిన చెయ్యి

అది మరుపే అయితే మరి తను మెచ్చుకున్నది దేన్ని? ఒక మనిషి ఆడాల్సిన మాట మరిచిపోతే దాన్ని కళ అనుకుని, అర పేజీ రాసి, పదిమందీ చదివేలా తలుపుకు అంటించినవాణ్ణి ఏమనాలి? చక్రధర్ నూనె మిల్లు షెడ్డు బయట నిలబడి ఈ ప్రశ్ననే అటూ ఇటూ తిప్పుతున్నాడు. చేతిలో టీ చల్లారి మీగడ కట్టింది.

నిజం చెప్పినవాడు మునిశేఖర్. నాటక పరిషత్తు పోటీలకు ఎంపిక కాని నాటకాలను ఏటా ఐదు రోజులు, చంద్రగిరి దారిలో మూతపడిన ఈ మిల్లులో ఆడించేది అతనే. లైట్లూ అతనే చూసుకుంటాడు. ఒక్కో నాటకం రెండుసార్లు, ఒకరోజు ఎడంతో. తిరుపతిలో డ్రాయింగ్ మాస్టరుగా చేసి రిటైరైన చక్రధర్ మొదటి ఆట చూస్తూ బొమ్మ గీస్తాడు. చీకట్లో, కాగితం వైపు చూడకుండా, చేతిని దాని దారిన వదిలేసి. మర్నాడు పొద్దున ఆ బొమ్మ కింద తన అభిప్రాయం రాసి షెడ్డు తలుపుకు అంటిస్తాడు. రెండో ఆటకు రావాలో వద్దో జనం అది చదివే తేల్చుకుంటారు.

మొన్న సాయంత్రం రూతు ఆట. ఐరాల మనిషి, యాభై దాటింది. బెల్లం పొయ్యి దగ్గర బతుకంతా గడిపిన తన తల్లి కథను ఒక్కతే ఆడుతుంది. సరిగ్గా పెనంలో పాకం పొంగుకొచ్చే చోట, తెడ్డు పైకెత్తి ఆగిపోయింది. నిమిషం పైనే. షెడ్డులో ఉన్న నలభై మందీ ఊపిరి బిగబట్టారు. ఆ తరువాత ఆమె ఏదో పాట అందుకుని ముందుకు పోయింది. ఆ నిమిషమే నాటకానికి ప్రాణమనీ, తల్లి గొంతులో ఇరుక్కున్నదంతా ఆ మౌనంలో వినిపించిందనీ రాశాడు చక్రధర్.

"నిజం జెప్తే నీకు బాధ అవుతాది సారూ," అన్నాడు మునిశేఖర్ ఈ ఉదయం. "ఆయమ్మ మాట మర్సిపోయింది. లైటు ఆర్పేద్దునా వద్దా అని నా సెయ్యి స్విచ్చి మీదనే ఉండె. నువ్వేమో ప్రాణమని రాసినావు. ఇప్పుడు జనం దాని కోసరమే వస్తా ఉండారు. రేపు లైట్ల ఫ్యూజు కొట్టేసినా దానికి గూడా ఏదో ఒక అర్థం రాస్తావులే."

కాసేపటికి రూతే వచ్చింది. కోపంగా ఉంటుందనుకున్నాడు. లేదు. సిమెంటు అరుగు మీద కూర్చుని, తెడ్డును పక్కన పెట్టుకుని, పొరుగింటి సంగతి చెప్పినంత మామూలుగా చెప్పుకుపోయింది. మూడు నెలలుగా మాటలు జారిపోతున్నాయట. ఇంట్లో అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. మొన్న పోయింది మాత్రం వాళ్లమ్మ దినమూ అనే మాట. 'పాకం ఎవురికీ ఆగదు పాపా.' నలభై ఏళ్లుగా నాలుక మీద ఉన్న మాట, తెడ్డు ఎత్తేసరికి లేదు.

"మా ఊర్లో వీధి భారతం ఆడేటప్పుడు మాట పోతే కింద కూసున్నోళ్లు ఎవురో ఒకరు అందిస్తారు. ఈడ అందరూ మర్యాదస్తులు," అంది. "మొన్న నేను యాడ సూసినానో తెలుసునా అన్నా? నీ దిక్కే. నువ్వు బొమ్మ గీసుకుంటా ఉండావు."

చక్రధర్ తల దించుకున్నాడు. తలుపు మీది కాగితం తీసేస్తానన్నాడు.

"తీసేస్తే మర్సిపోయినానని అందరికీ తెలిసిపోతాది. ఉండనీ. నువ్వు రాసినట్టే నిలబడతా. కానీ మర్సిపోకుండా మర్సినట్టు నిలబడేది ఎట్లన్నా?" ఆమె నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "ఈ పొద్దు గూడా పోతే ఇంగ స్టేజీ ఎక్కను. తెడ్డును పొయ్యిలో పెట్టేస్తా."

ఆమె వెళ్లాక అతను తలుపు దగ్గరికి పోయి తన బొమ్మను చూశాడు. ముఖం ప్రశాంతంగా ఉంది. ఎందుకుండదు, దాన్ని పొద్దున బల్ల దగ్గర కూర్చుని సరిదిద్దాడు. చెయ్యి మాత్రం చీకట్లో గీసింది గీసినట్టే ఉంది. తెడ్డు కాడ మీద బొటనవేలు ఒక్కచోట లేదు. నాలుగైదు గీతలు ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోయాయి. ఆమె వేలితో కాడను రుద్దుతూనే ఉంది, మాట అక్కడెక్కడో అంటుకుని ఉన్నట్టు. తన చేతికి తెలిసింది. తనకు తెలియలేదు. తెలియకా, తెలుసుకోవడం ఇష్టం లేకా?

అతని నాయన వరదయ్య వీధి భారతంలో వంత పాడేవాడు. వేషం వేసినవాడు ఎక్కడ తడబడితే అక్కడ అందుకోవడమే ఆయన పని. చక్రధర్ కాలేజీ రెండో ఏట తిరుపతిలో నాటకం వేసి, నడిమధ్యలో మాట మరిచి నిలబడ్డప్పుడు, మూడో వరసలోంచి ఆ గొంతే లేచింది. పొలాలు దాటి పక్క ఊరికి వినిపించే గొంతు. హాలంతా పగలబడి నవ్వింది. బస్టాండులో చక్రధర్, టౌను నాటకాలకు ఇంకెప్పుడూ రావద్దని నాయనతో చెప్పాడు. "సరే నాయనా," అన్నాడు వరదయ్య. మళ్లీ రాలేదు. చక్రధర్ మళ్లీ స్టేజీ ఎక్కలేదు.

ఆ నవ్వే తనను ఆపేసిందని ఇన్నేళ్లూ అనుకున్నాడు. ఇప్పుడు ఇంకోలా తోస్తోంది. ఆ రోజు నాయన మాట అందించకపోతే తను ఎంతసేపు అలా నిలబడి ఉండేవాడు? నోరు మెదపకుండా చూడటమే సంస్కారమని ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. భయాన్నే మెల్లగా అభిరుచిగా దిద్దుకున్నాడు, బొమ్మలో ఆమె ముఖాన్ని దిద్దినట్టు.

సాయంత్రం ఆరింటికి షెడ్డులో అరవై మందికి పైగా చేరారు. చక్రధర్ ఎప్పుడూ వెనక గోడకు ఆనుకుని కూర్చునేవాడు, ఈసారి మూడో వరసలో కూర్చున్నాడు. నోటుబుక్కు తెరిచాడు. రూతు చెరకు పిప్పిని పొయ్యిలోకి ఎగదోసింది, చెమట తుడుచుకుంది, చుట్టుపక్కల ఆడవాళ్లను వాళ్లమ్మ గొంతుతో తిట్టింది. జనం నవ్వారు. పాకం పొంగుకొచ్చింది. ఆమె తెడ్డు పైకెత్తి ఆగింది.

పక్కావిడ భర్తను మోచేత్తో పొడిచింది. రెండు మూడు ఫోన్లు పైకి లేచాయి. చక్రధర్ ఆమె చేతినే చూస్తున్నాడు. బొటనవేలు కదలలేదు. అంటే ఆడుతోంది, తను రాసినట్టే నిలబడింది. బాగా నిలబడింది కూడా. ఐదు, పది, పదిహేను, అతను మనసులో లెక్కపెట్టుకున్నాడు. ఇరవై దాటాక బొటనవేలు కాడ మీద ఒకసారి జారింది. మళ్లీ. ఆ తరువాత ఆగకుండా రుద్దసాగింది.

జనం కదలలేదు. ఆమె కళ్లు ఒక్కో వరసా వెతుక్కుంటూ వచ్చాయి, మొదట అతను ఎప్పుడూ కూర్చునే వెనక గోడ వైపుకు, తరువాత ఇటు. లైట్ల దగ్గర మునిశేఖర్ చెయ్యి స్విచ్చి మీదికి పోయింది. చక్రధర్ పెన్సిలును జేబులో పెట్టుకున్నాడు. నవ్వుతారు, తప్పకుండా నవ్వుతారు.

"పాకం," అన్నాడు, మూడో వరసలోంచి, షెడ్డంతా తిరిగి చూసేంత గట్టిగా, "ఎవురికీ ఆగదు పాపా."