మున్సిపాలిటీ తరఫున మా పిల్ల

మార్కెట్ వీధి మలుపులో నేను అన్నం క్యారియర్ పట్టుకుని నిలబడి ఉండగానే మ్యాన్‌హోల్‌లోంచి మనిషిని పైకి లాగారు. ఒంటి నిండా నల్లటి బురద. మా పెద్దాడు తాడు వదిలేసి, తన చొక్కా విప్పి ఆ మొహం తుడిచాడు. తుడుస్తూ "చిన్నాన్నా, చిన్నాన్నా" అని పిలుస్తూనే ఉన్నాడు. చిన్నాన్న పలకలేదు. మా పక్కింటి చెల్లెమ్మ మొగుడతను. పొద్దున నా గుమ్మం ముందు నుంచే ఎవరితోనో పరాచికాలాడుకుంటూ పనికి వెళ్ళాడు.

కాంట్రాక్టరు గుమాస్తా ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని, "అవతలి గొయ్యి కూడా ఇవాళే అవ్వాలి. ఇంకెవడు దిగుతాడు?" అన్నాడు.

శవం ఇంకా రోడ్డు మీదే ఉంది.

మా మేస్త్రీ చేతిలో గునపం కింద పడేసి, "ఎవడూ దిగడు" అన్నాడు. మా పోరు ఆ రెండు మాటలతో మొదలైంది.

నేను పిరికిదాన్ని. పాలు పొంగితే ఇల్లు తగలబడుతుందనుకునే రకం. మోకాళ్ళు అరిగిపోయేదాకా ఈ ఊరి వీధులు ఊడ్చాను. నా కొడుకు గొయ్యిలో దిగిన ప్రతిసారీ నా ప్రాణం ఆ మూత పక్కనే కూర్చునేది. అందుకే పనివాళ్ళంతా చీపుళ్ళ షెడ్డులో సభ పెట్టుకుని కోర్టుకి వెళదామన్నప్పుడు, "కోర్టా? ఉన్నది కూడా పోతుంది" అని ఏడ్చింది నేనే. ఒక ముసలి లాయరుగారు మా కేసు పట్టాడు. కింది కోర్టు మా మాట విన్నది. గొయ్యిలోకి మనిషిని దింపకూడదు, యంత్రాలు తెప్పించి తియ్యాలని తీర్పు చెప్పింది. ఆ రోజు షెడ్డులో చెల్లెమ్మ నా భుజం మీద తల పెట్టి, "అక్కా, ఈ తీర్పు ఆయన్ని తీసుకురాలేదు గానీ, ఇంకొకరిని పోనివ్వదు" అంది. నా పెద్దాడు ఇక దిగక్కర్లేదు. అన్నాళ్ళ తర్వాత నాకు కంటినిండా నిద్ర పట్టింది.

ఆ నిద్ర ఎన్నాళ్ళో లేదు. మున్సిపాలిటీ పైకోర్టులో అప్పీలు వేసింది. మా ముసలి లాయరుగారు అప్పటికే పక్షవాతంతో మంచాన పడ్డాడు. ఇక మున్సిపాలిటీ తరఫున వాదించే లాయరు ఎవరనుకున్నారు? మా చిన్నదే. నా కూతురే.

దాని చదువు మా కాలనీ అంతా కలిసి చదివించిన చదువు. దాని నల్లకోటు మేస్త్రీ దగ్గరుండి కుట్టించాడు. మున్సిపాలిటీ ఆఫీసులో దానికి ఉద్యోగం వచ్చిన నాడు, మన చెత్తబండి తిరిగే ఆఫీసులో మన పిల్లకి కుర్చీ పడిందని ఊడ్చేవాళ్ళూ తోడేవాళ్ళూ వీధంతా తిరిగి చెప్పుకున్నారు. అప్పీలు కాగితం మీద దాని పేరు చూసి కూడా ఎవరూ దిగులుపడలేదు. పైగా షెడ్డంతా నవ్వులే.

"ఇంకేం! మన పిల్ల అటుపక్క కూర్చుంటే ఇటుపక్క లాయరు దేనికిరా?" అన్నాడు మేస్త్రీ. "పేరుకి వాళ్ళ మనిషి, మాటకి మన మనిషి."

"ఇంటి దొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడు" అని ఎవరో అన్నారు. అందరూ ఘొల్లుమన్నారు.

నాకు నవ్వు రాలేదు. ఇంటికి వెళ్ళి చిన్నదాన్ని అడిగాను. అది అన్నం ముందు కూర్చుని చెయ్యి పెట్టలేదు.

"అమ్మా, ఈ కేసు సంగతి ఇంట్లో ఎత్తొద్దు. అవతలి పక్షంతో నేను మాట్లాడకూడదు."

"అవతలి పక్షం ఎవరే?"

పెద్దాడు ముద్ద నోట్లో పెట్టుకుంటూ, "నేనేనమ్మా. ఒకే కుండలో అన్నం తింటున్న అవతలి పక్షం" అని నవ్వాడు. "మన చెల్లికి తెలీదా ఏం చెయ్యాలో? దాన్ని ఇరుకున పెట్టకు."

చిన్నది నవ్వలేదు. వాడు చేతులు కడుక్కోవడానికి లేచాక నా వైపు చూడకుండా అంది: "ఈ కేసు ఇంకెవరికైనా ఇవ్వండని అడిగానమ్మా. నీ వాళ్ళే కదా, నువ్వైతే వింటారు అన్నారు. వాళ్ళకి లాయరు కావాలని నేను చెప్పకూడదు. చెబితే నా వృత్తికి ద్రోహం."

"నాకు చెప్పావు కదే!"

"నేనేం చెప్పలేదు" అని లేచి వెళ్ళిపోయింది.

నేను వడ్డించిన చెయ్యి కడుక్కోకుండానే షెడ్డుకి పరిగెత్తాను. లాయరుని పెట్టుకోండి, పిల్ల మన మాట మాట్లాడదు, మాట్లాడకూడదు కూడా అని మొత్తుకున్నాను.

మేస్త్రీ నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. "వదినా, నువ్వెప్పుడు భయపడలేదు చెప్పు? సమ్మెకి భయపడ్డావు. కోర్టుకి భయపడ్డావు. గెలిచిన రోజు కూడా దిష్టి తగులుతుందని భయపడ్డావు. ఇప్పుడు నీ కడుపున పుట్టినదానికే భయపడుతున్నావా?"

జీవితమంతా భయపడినదాని మాట, నిజమైన నాడు కూడా ఎవరికీ పట్టదు.

పైకోర్టుకి పెళ్ళివాళ్ళలా బయల్దేరాం. చెల్లెమ్మ ఉతికిన చీర కట్టుకుంది. లోపల వెనక బల్లల మీద ఒకరి మీద ఒకరం కూర్చున్నాం. జడ్జిగారు కళ్ళద్దాల మీంచి చూసి, "పనివాళ్ళ తరఫున ఎవరు?" అన్నాడు.

ఎవరూ లేవలేదు. ఆయన మళ్ళీ అడిగాడు. అప్పుడు మేస్త్రీ లేచి రెండు చేతులూ జోడించాడు.

"అయ్యా, ఆ నల్లకోటు పిల్ల మా పిల్లే. మా చేతుల మీద పెరిగింది. ఆమె ఏం చెబితే అదే మా మాట."

మా చిన్నది బల్లని రెండు చేతులా పట్టుకుంది. వెనక్కి తిరగలేదు.

"అయ్యా, వాళ్ళు అర్థం చేసుకోలేదు. దాన్ని సమ్మతి కింద తీసుకోవద్దు. నేను మున్సిపాలిటీ తరఫున హాజరవుతున్నాను. వాళ్ళకి లాయరు లేరు" అంది.

అంతవరకూ అది నిజాయితీ. ఆ తర్వాత తన పని మొదలుపెట్టింది. యంత్రాలకి టెండరు ఇంకా పూర్తి కాలేదు, మురుగు ఇళ్ళల్లోకి వస్తోంది, జనానికి రోగాలొస్తాయి, అప్పీలు తేలేదాకా కింది తీర్పుని ఆపాలి అంది. గొంతు ఎక్కడా తడబడలేదు. దిగేవాళ్ళకి మాస్కులూ, బెల్టులూ, అన్ని రక్షణలూ ఉన్నాయి అంది.

"ఎక్కడున్నాయి చెల్లీ?" అన్నాడు మా పెద్దాడు.

అరవలేదు. ఇంట్లో దువ్వెన ఎక్కడుందని అడిగినట్టు అడిగాడు. బంట్రోతు వచ్చి వాడి భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

లాయరుని పెట్టుకోవడానికి మాకు గడువిచ్చి, అప్పటిదాకా కింది తీర్పుని జడ్జిగారు ఆపేశాడు. పనికి మేమెవరం అడ్డు రాకూడదన్నాడు. స్టే అంటారట దాన్ని. మాకు అర్థమైంది ఒక్కటే, గోతులు మళ్ళీ తెరుచుకున్నాయి. బయట వరండాలో ఎవరూ నా కూతుర్ని తిట్టలేదు. చెల్లెమ్మ దాని దగ్గరకి వెళ్ళి, "పొద్దున్నుంచీ ఏమీ తినలేదేమో, మొహం వాడిపోయింది" అంది. ఆ మాటకి నా కూతురు తల దించుకుని మున్సిపాలిటీ కారెక్కింది. తిట్టి ఉంటే నాకింత గుండెకోత ఉండేది కాదు.

ఆ సాయంత్రం దాని ముందు కూర్చుని అడిగాను. "మీ అన్న బతకాలని లేదా నీకు?"

"నేను కాకపోతే ఇంకొకరు వాదించేవాళ్ళమ్మా. వాళ్ళైతే మేస్త్రీ బాబాయ్ అన్న మాటే పట్టుకుని కేసు ముగించేసేవాళ్ళు."

"అయితే మాకు మేలే చేశావన్నమాట."

పెద్దాడు మధ్యలోకి వచ్చి అన్నాడు: "దాన్ని అనకమ్మా. మన పిల్లని మనకి ఎదురుగా నిలబెడితే మనం చేతులు దించేస్తామని వాళ్ళ లెక్క. రేపు నేను మాత్రం దిగను."

ఆ రాత్రి షెడ్డులో జరిగింది సభ కాదు, చేపల మార్కెట్. దిగకపోతే పిల్లలకి ఏం పెడతామని ఒకరు. దిగితే ఆ పిల్లలకి తండ్రులుంటారా అని ఒకరు. కాంట్రాక్టరు పక్క ఊరి నుంచి మనుషుల్ని తెప్పించాడని కబురొచ్చింది. కుర్రాళ్ళు కర్రలు తీశారు.

చెల్లెమ్మ వాళ్ళకి అడ్డం నిలబడింది. "ఎవర్ని కొడతార్రా? వాళ్ళూ దిగేవాళ్ళే. వాళ్ళ ఇళ్ళల్లోనూ నాలాంటిది ఒకతి ఉంటుంది. కొట్టడం కాదు, మూత తియ్యనివ్వకండి."

కర్రలు కింద పడ్డాయి. మేస్త్రీ తన తప్పు ఒప్పుకున్నాడు. "పిల్ల మనదే, కుర్చీ మనది కాదు. నేను కుర్చీని చూడలేదు. మన గెలుపుకి మనమే కాపలా కాసుకోవాలి" అన్నాడు.

కాలేజీల్లో చట్టం చదువుకుంటున్న పిల్లలారా, మా మేస్త్రీ మాట మీరూ రాసుకోండి.

పొద్దున మార్కెట్ వీధి పొడుగునా మూతకొకరు, ఇద్దరు చొప్పున మావాళ్ళు కూర్చున్నారు. పక్క ఊరి మనుషులు లారీలోంచి దిగి, సంగతి విని, బీడీలు ముట్టించుకుని లారీ మీదే కూర్చుండిపోయారు. "ఏం, జీతం పుచ్చుకుని బీడీలు తాగుతారా?" అని గుమాస్తా గంతులేశాడు. "వాళ్ళ కింద ఉన్న మూత నువ్వు తియ్యి, దిగుతాం" అన్నాడొకడు. వీధంతా నవ్వింది. నేను అరుగు మీద నిలబడి చూస్తున్నాను. పోలీసు వ్యాను వచ్చింది. దాని వెనక మున్సిపాలిటీ కారు వచ్చింది.

కారులోంచి నా కూతురు దిగింది. కోర్టు ఉత్తర్వుని కేసులో ఉన్నవాళ్ళకి పేరుపేరునా చదివి వినిపించి రమ్మని పంపారట. విన్నాక కూడా లేవనివాళ్ళ మీద కొత్త కేసు.

అది రోడ్డు మధ్యలో నిలబడి చదవడం మొదలుపెట్టింది. మొదటిది మేస్త్రీ పేరు.

"ఇక్కడే ఉన్నానమ్మా" అన్నాడు మేస్త్రీ. లేవలేదు.

రెండో పేరు. "ఇక్కడే." మూడో పేరు. "ఇక్కడే." చెల్లెమ్మ పేరు వచ్చింది. "గట్టిగా చదువు తల్లీ, ఆ చివరిదాకా వినపడాలి" అంది చెల్లెమ్మ.

తర్వాత అన్న పేరు. దాని గొంతు ఆగిపోయింది. కోర్టులో తడబడని గొంతు అక్కడ, బురద నీళ్ళ పక్కన, ఆగిపోయింది. పెద్దాడే తన పేరు తాను పలికి, "ఇక్కడే ఉన్నాను చెల్లీ, తర్వాతది చదువు" అన్నాడు.

ఇనస్పెక్టరు సైగ చేశాడు. వాళ్ళని ఈడ్చి వ్యానులో వెయ్యడం మొదలైంది. మనిషిని లేపిన చోట మూత ఖాళీ అవుతోంది. పెద్దాడిని లేపిన మూత నా ఎదురుగా ఉంది. గుమాస్తా గునపం పట్టుకుని దాని వైపు వస్తున్నాడు.

నేను అరుగు దిగాను. ఎలా దిగానో నాకు తెలీదు. ఆ మూత మీద చతికిలబడ్డాను.

"అమ్మా!" అని పరిగెత్తుకొచ్చింది నా కూతురు. వంగి, నాకు మాత్రమే వినపడేలా, "లేమ్మా. నీ పేరు ఇందులో లేదు. నువ్వు ఇంటికి వెళ్ళిపో" అంది. దాని కళ్ళల్లో నీళ్ళు నా చేతి మీద పడ్డాయి. చిన్నప్పుడు జ్వరమొస్తే నేను దాని మీద వంగినట్టే వంగి ఉంది.

నాకు భయం పోలేదు.

"లేకపోతే రాసుకో" అన్నాను.

నా వెనక కూరగాయలమ్మే ఆవిడ బుట్ట దించి వచ్చి ఇంకో మూత మీద కూర్చుంది. "నాదీ రాసుకో." పుస్తకాల సంచులతో ఆగిన కాలేజీ పిల్లలు. "మావీ." లారీ మీంచి బీడీ పారేసి పక్క ఊరి మనిషొకడు దిగాడు. "నాది కూడా."

గుమాస్తా గునపం పట్టుకుని ఎటు పోవాలో తెలీక నిలబడ్డాడు. "రాయండి మేడమ్, అందరివీ రాయండి" అని ఇనస్పెక్టరు కసిరాడు.

నా కూతురు కలం తీసింది. అందరి పేర్లూ అడిగి రాసుకుంది. మొట్టమొదట రాసింది నా పేరు. నన్ను అడగలేదు.