ఐసులో గుప్పెడు ఉప్పు

పెట్టెలో చేప బిగుసుకుని ఉండాలంటే దంచిన ఐసులో కల్లుప్పు చల్లాలి. ఉప్పు పడితే ఐసు చలి ఇంకా పెరుగుతుంది. బందరు రేవులో ఐసు ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తున్న పని అదే. ఆ రోజు కూడా అదే చేశాను.

నర్సు రిజ్వానా మందుల పెట్టె పట్టుకుని వచ్చింది. ఒక కంపెనీ టైఫాయిడ్‌కి కొత్త టీకా తయారు చేసిందట. అది పనిచేస్తుందో లేదో తేల్చడానికి కోడూరు పిల్లలు నూట ఇరవై మందికి వేస్తున్నారట. రాత్రంతా కరెంటు లేక వాళ్ళ ఫ్రిజ్‌లో ఐసు తయారు కాలేదు.

"కాస్త ఐసు పెట్టు మావయ్యా, చల్లగా ఉంటే చాలు," అంది.

ఎండ మండిపోతోంది. కోడూరు దగ్గరా? పిల్లల మందు కదా అని, ఆ అమ్మాయి అటు తిరగగానే గుప్పెడు ఉప్పు ఎక్కువే వేసి మూత పెట్టాను. మంచి పని చేశాననుకున్నాను.

నాలుగో రోజు రిజ్వానా మళ్ళీ కనిపిస్తే అడిగాను. "ఐసు కోడూరు దాకా నిలిచిందా అమ్మా?"

"నిలవడమా! సీసాలు రాళ్ళైపోయినయ్ మావయ్యా. రెండు పగిలినయ్ కూడా. వట్టి ఐసుకి అంత గడ్డ ఎట్లా కట్టినయ్యో తెలీలేదు."

"వట్టి ఐసు కాదుగా. ఉప్పేశాను."

ఆ పిల్ల మొహం పాలిపోయింది. "గడ్డకడితే మందు చచ్చిపోద్ది మావయ్యా. ఇక పనిచెయ్యదు."

"మరి పారబోశారా?"

"పారబొయ్యమనే చెప్పాను. ఈ పరీక్ష చేయించే సారు వింటేనా! ఎండలో పెట్టించి, కరిగాక అందరికీ వేయించేశాడు. పైగా, ఇక మీ పిల్లలకి టైఫాయిడ్ రాదని తల్లులకి చెప్పాడు."

తెలియక నేను పాడు చేశాను, సరే. తెలిసి ఆయన వేయించాడే!

మర్నాడు సెలవు పెట్టి, రిజ్వానాతో కలిసి అవనిగడ్డ బస్సెక్కాను. దారిలో మోపిదేవిలో దిగి గుడిలో స్వామికి పాలు పోశాను. ఈ తప్పు ఎవరి లెక్కలోకి వస్తుంది స్వామీ అని అడిగాను. నా లెక్కలోకే వచ్చినా, ఆ పిల్లలకి చెయ్యాల్సింది అలాగే మిగిలి ఉంటుంది కదా అనిపించింది.

సారు పేరు రాజబాబు. అవనిగడ్డలో అద్దె గదిలో ఫ్యాను కింద కూర్చుని కాగితాలు నింపుతున్నాడు. నేను చెప్పిందంతా విన్నాడు.

"ఉప్పేసింది నువ్వేగా పెద్దాయనా? బయటికొస్తే నీ మెడకే చుట్టుకుంటది. ఇంటికెళ్ళి పడుకో."

"చుట్టుకోనివ్వండి. నేనే వేశానని రాసుకోండి, వేలిముద్ర కాదు, సంతకమే పెడతా. పిల్లలకి మళ్ళీ మంచి మందు వెయ్యండి."

"మళ్ళీ వేస్తే పరీక్ష మొత్తం మొదటికొస్తది. నెలాఖరుకి రిపోర్టు పంపాలి."

"చచ్చిన మందేసి, పనిచేసిందో లేదో అని రిపోర్టు రాస్తారాండీ? రేపు పిల్లలకి జొరాలొస్తే ఈ టీకా పనికిరాదంటారు. నిజంగా అది మంచిదే అయితే? దాన్ని కనిపెట్టడానికి ఎన్నేళ్ళు కష్టపడ్డారో పాపం!"

"చేపలకి ఐసేసేవాడివి, నీకు సైన్సెందుకయ్యా?"

"చేప కుళ్ళితే కుళ్ళిందని చెప్పి అవతల పారేస్తామండీ. ఎండబెట్టి తాజాదని అమ్మం."

రిజ్వానా పక్కుమంది. ఆయన లేచి తలుపు చూపించాడు. ఆ పిల్ల నవ్వు ఆపి, తన దగ్గరున్న పిల్లల పేర్ల జాబితా సంచిలో పెట్టుకుంది. "కంపెనీ పెద్దాఫీసుకి నేనే రాస్తాను సార్. ఈ ఉద్యోగం లేకపోతే ఇంకోటి," అంది.

ఇద్దరం కోడూరు వెళ్ళాం. జాబితాలో మొదటి పేరు అక్షిత. ఆ పాప తల్లి జీవరత్నం కాలవ నీళ్ళ బిందె దించుతోంది.

"నీళ్ళు కాచి తాగుతున్నారా అమ్మా?" అని అడిగాను.

"ఎందుకు కాచడం? టీకా ఏశారుగా. నాలుగు రోజుల్నించీ పచ్చినీళ్ళే తాగుతున్నాం."

చెప్పాను. ఉప్పు సంగతి, ఎండ సంగతి, ఏదీ దాచలేదు. ఆమె కొంగు నడుముకి చుట్టి వాకిట్లోకొచ్చింది.

"నీ చేతులు పడిపోను! పిల్లల మందుకి చేపలకేసినట్టు ఉప్పేశావా? ఆ ఎదవ తెలిసీ పొడిచాడా? మా పిల్లలు వాళ్ళకి ఎలకల్లాగా కనపడ్డారా?"

"తిట్టమ్మా. కానీ ముందు నీళ్ళు కాచు."

తిడుతూనే పొయ్యి రాజేసింది. తిడుతూనే బిందెలో నీళ్ళన్నీ గిన్నెలోకి వంచింది. పాప చేతిలోని గ్లాసు లాక్కుని పారబోసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇంకా నిలబడ్డావేం? పక్కింట్లోనూ పచ్చినీళ్ళే తాగుతున్నారు. పద, నేనూ వస్తా. నువ్వు చెప్పు, నేను తిడతా."

ఇంకా నూట పంతొమ్మిది పేర్లున్నాయి.